కర్నూలుకు ఏడు గళ్లా? ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ రాసి ప్రచురించడం ఎలా

మా నాయన తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. ఆదివారం పేపరు రాగానే ముందు గళ్లనుడికట్టు పేజీ తీస్తాడు. ఈ మధ్య ఆ చిన్న గళ్లు కళ్లకు ఆనడం లేదంటే, కంప్యూటర్ తెర మీద పెద్ద గళ్లతో ఒకటి చేసి పెడదామని కూర్చున్నాను. 'తుంగభద్ర ఒడ్డున మన ఊరు' అని ఆధారం ఇచ్చి, జవాబు 'కర్నూలు' అని పెట్టి ప్రోగ్రాం నడిపితే అది ఏడు గళ్లు గీసింది.

"ఏంరా, కర్నూలుకు ఏడు గళ్లా? ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు నాయన.

చెప్పింది పైథాన్. దాని లెక్కలో కర్నూలు అంటే క, ర, పొల్లు, న, కొమ్ము దీర్ఘం, ల, కొమ్ము. మొత్తం ఏడు. మన లెక్కలో క, ర్నూ, లు. మూడే. ఈ రెండు లెక్కల మధ్య తేడాను సరిచేసే పదిహేను లైన్ల కోడే నా మొదటి ఓపెన్ సోర్స్ లైబ్రరీ (వేరేవాళ్లు తమ ప్రోగ్రాంలలో కలుపుకోగలిగే కోడ్ మూట) అయింది. ఆ పదిహేను లైన్లు ఒక సాయంత్రంలో అయిపోయాయి. వాటిని ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఇన్‌స్టాల్ చేసుకొని వాడుకునేలా చేయడానికి మూడు వారాలు పట్టింది. నేర్చుకున్నదంతా ఆ మూడు వారాల్లోనే, అందుకే ఇక్కడ చెప్పేది కూడా ఎక్కువగా దాని గురించే.

పైథాన్‌లో ఫంక్షన్, లిస్ట్, లూప్ రాయడం వస్తే చాలు. బీటెక్ రెండో ఏడాది పిల్లలు హాయిగా చేయగలరు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును షాపులో కొనుక్కొచ్చి వైవాలో టెన్షన్ పడే అలవాటు మన దగ్గర ఉంది కదా, ఆ డబ్బు మిగులుతుంది కూడా. ఒక్క మాట. ఫైలు పేర్లను, కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

1. ఎంత చిన్నదో తేల్చుకోవడం

మొదట చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. తెలుగు అక్షరాలను విడగొట్టాలని మొదలుపెట్టి, స్పెల్ చెకర్ కూడా పెడదాం, లిప్యంతరీకరణ కూడా చేద్దాం అనుకుంటే ఆ పని ఉగాదికి మొదలై దసరాకు కూడా తెమలదు. ఒక కాగితం మీద ఒకే వాక్యం రాసుకోండి: 'ఈ లైబ్రరీ ఫలానాది తీసుకొని ఫలానాది ఇస్తుంది.' వాక్యంలో 'ఇంకా' అన్న మాట వచ్చిందంటే అక్కడికి కొట్టేయండి.

నా వాక్యం ఇది: 'తెలుగు మాటను తీసుకొని అక్షరాల లిస్టు ఇస్తుంది.' ఫంక్షన్లు మూడే. విడగొట్టేది, లెక్కపెట్టేది, తిరగేసేది. చివరి రెండూ మొదటిదాన్ని పిలిచేవే.

చిన్నదైతే విలువ ఉండదేమో అనుకోకండి. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచంలో ఎన్‌పీఎం అనే లైబ్రరీల గిడ్డంగి నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే లైబ్రరీని దాని రచయిత తీసేశాడు. మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చే పదకొండు లైన్ల కోడ్ అది. దాని మీద ఆధారపడిన పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు (కోడ్‌నంతా కలిపి ప్రోగ్రాంగా కట్టే పని) వరసగా ఆగిపోయాయి.

తర్వాత, ఇలాంటిది ఇప్పటికే ఉందేమో వెతకండి. నా విషయంలో దగ్గరి చుట్టం ఒకటి ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 (లిపుల్లోని ఒక్కో గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం అది), తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో వత్తు ఉన్న అక్షరాన్ని విడదీయకూడదన్న నియమాన్ని చేర్చింది. అంతకుముందు నియమాలతో రాసిన పరికరాలు ర్నూను ర్, నూ అని రెండు ముక్కలు చేసేవి. ఉన్నదాన్నే మళ్లీ రాయడం నేర్చుకునేవాడికి తప్పేమీ కాదు. కాకపోతే 'ఇలాంటివి వేరే ఉన్నాయి, ఇది నేర్చుకోవడానికి రాసినది' అని రీడ్‌మీలో, అంటే లైబ్రరీతో పాటు పెట్టే పరిచయం ఫైలులో, చెప్పేయండి. వాడేవాళ్లకు అది మర్యాద.

2. పేరు

పైథాన్ లైబ్రరీలు ఎక్కువగా పైపీఐ అనే గిడ్డంగిలో ఉంటాయి. అక్కడ ఒక పేరు ఒకరికే. ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా చూడదు. మధ్యలో హైఫన్ పెట్టినా, అండర్‌స్కోర్ పెట్టినా, చుక్క పెట్టినా ఒకటే పేరుగా లెక్క. పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి. కోడ్ రాయకముందే వెతికి చూసుకోండి, అన్నీ అయ్యాక పేరు మార్చాలంటే ఫోల్డర్ నుంచి రీడ్‌మీ దాకా అన్నిచోట్లా మార్చాలి. ఇక్కడ మన లైబ్రరీని 'గడి' అందాం.

ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టొచ్చా అని సరదాగా ప్రయత్నించాను. పైథాన్ 3 ఒప్పుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ తెలుగు కీబోర్డు లేనివాళ్లు నా ఫంక్షన్‌ను పిలవనే లేరు. మళ్లీ ఇంగ్లిషు అక్షరాలకే వచ్చాను.

3. ఫోల్డర్

పెద్ద కథేమీ లేదు. గడి అనే ఫోల్డర్. అందులో ఎస్ఆర్‌సీ అనే ఫోల్డర్, దాంట్లో మళ్లీ గడి అనే ఫోల్డర్, అక్కడ కోడ్. పక్కన టెస్ట్స్ ఫోల్డర్. బయట రీడ్‌మీ, లైసెన్స్, పైప్రాజెక్ట్ డాట్ టామల్ అనే మూడు ఫైళ్లు. కోడ్‌ను ఎస్ఆర్‌సీ లోపలికి తోయడం అనవసరపు చాదస్తంలా కనిపిస్తుంది. దాని అసలు ఉపయోగం ఎనిమిదో మెట్టు దగ్గర చెప్తాను.

వెన్వ్ కమాండ్‌తో ఈ ప్రాజెక్టుకు విడిగా ఒక పైథాన్ వాతావరణం పెట్టుకోండి. మీ కంప్యూటర్‌లో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన లైబ్రరీ మీద మీ కోడ్ చాటుగా ఆధారపడితే, ఆ సంగతి బయటపడేది వేరేవాళ్ల దగ్గరే.

4. కోడ్: అక్షరం అంటే ఏమిటి?

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల వరస ఉంది, 3072 నుంచి 3199 వరకు. అన్నీ నిండలేదు. క నుంచి హ దాకా ఉన్న హల్లులు 3093 నుంచి 3129 మధ్యలో ఉంటాయి. పాత పుస్తకాల్లో కనిపించే దంత్య చ, జలు 3160, 3161. వాటి పక్కన 3162లో ఇంకో పాత హల్లు ఉంది. పొల్లు 3149. వత్తులకు విడిగా సంఖ్యల్లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే అదే వత్తు.

పైథాన్‌తో పాటే యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ వస్తుంది. ఏ సంకేతాన్ని (అలా సంఖ్య ఉన్న ఒక్కో గుర్తును) ఇచ్చినా అది ఏ కోవకు చెందిందో రెండు అక్షరాల్లో చెబుతుంది. మన గుడి, కొమ్ము, ఎత్వం, సున్న, విసర్గ, పొల్లు, అరసున్న అన్నింటికీ ఆ జవాబు 'ఎం' అక్షరంతో మొదలవుతుంది. అంటే సొంతంగా నిలబడని గుర్తులని అర్థం. ఇక విడగొట్టే పద్ధతి ఇది:

- ఖాళీ లిస్టు ఒకటి పెట్టుకోండి. మాటలోని సంకేతాలను ఒక్కొక్కటిగా తీయండి.
- అది 'ఎం' కోవలోని గుర్తయితే లిస్టులోని చివరి ముక్కకు అతికించండి.
- అది హల్లయి, చివరి ముక్క పొల్లుతో ముగిసి ఉంటే, అప్పుడూ అతికించండి.
- దాని సంఖ్య 8204 అయితే (ఇదేమిటో కింద చెప్తాను), అప్పుడూ అతికించండి.
- ఇవేవీ కాకపోయినా, లిస్టు ఇంకా ఖాళీగానే ఉన్నా, కొత్త ముక్క మొదలుపెట్టండి.

కర్నూలుతో చేత్తో నడిపి చూడండి. క కొత్త ముక్క. ర కొత్త ముక్క. పొల్లు గుర్తు కాబట్టి అతికి ర్ అయింది. న హల్లు, ముందు పొల్లు ఉంది, అతికి ర్న. కొమ్ము దీర్ఘం అతికి ర్నూ. ల కొత్తది, కొమ్ము అతికి లు. మూడు.

8204 సంగతి. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం పెడతాం. దాని సంఖ్యే 8204. అది చివరి ముక్కకు అతుక్కోగానే ఆ ముక్క పొల్లుతో ముగియదు. కాబట్టి తర్వాత వచ్చిన వ దానంతట అదే కొత్త ముక్క అవుతుంది. సా, ఫ్ట్, వే, ర్. నాలుగు. ప్రత్యేకంగా ఏ షరతూ రాయకుండానే ఇది కుదరడం చూసి ఆ రోజు నాకు నేనే టీ పెట్టుకొని తాగాను.

ఇంకో మెలిక ఐత్వం దగ్గర ఉంది. దాన్ని 3144 అని ఒకే సంకేతంగా రాయొచ్చు, 3142, 3158 అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. 'శ్రీశైలం' ఒక ఫైలులో ఎనిమిది సంకేతాలు, ఇంకో ఫైలులో తొమ్మిది కావచ్చు. ఎటు రాసినా అక్షరాలు మూడే వస్తాయి. కానీ గళ్లనుడికట్టులో సరైన జవాబుతో పోల్చేటప్పుడు పైథాన్ ఈ రెండూ వేరు అంటుంది. అందుకే లోపలికి వచ్చిన ప్రతి మాటనూ ముందు ఎన్ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి మార్చుకోవాలి. అదే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది.

5. టెస్టులు: కడప అబద్ధం చెప్తుంది

నేను రాసిన మొట్టమొదటి టెస్టు 'కడప'. మూడు అక్షరాలు రావాలి, మూడు వచ్చాయి, పాస్. సంతోషపడి పడుకున్నాను. తెల్లారి చూసుకుంటే విడగొట్టే ఫంక్షన్‌లో అసలు కోడ్ రాయనే లేదు, మాటను తిన్నగా లిస్టుగా మార్చి ఇచ్చేస్తోంది. కడపలో గుణింతం లేదు, వత్తు లేదు, సున్న లేదు. మూడు సంకేతాలు, మూడు అక్షరాలు. తప్పు కోడ్ కూడా అక్కడ దర్జాగా పాసవుతుంది. కడపవాళ్లు ఏమీ అనుకోవద్దు, తప్పు ఊరిది కాదు.

టెస్టు రాసేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: కోడ్ తప్పయితే ఈ టెస్టు ఫెయిలవుతుందా? నేను సీమ ఊళ్ల పేర్లనే పట్టిక వేసుకున్నాను. ఒక్కో ఊరు ఒక్కో పని చేస్తుంది:

- అనంతపురం: సంకేతాలు 8, అక్షరాలు 5. సున్న ముందు అక్షరానికి అతుకుతోందా?
- కర్నూలు: 7, 3. వత్తు, దాని మీద గుణింతం.
- ప్రొద్దుటూరు: 12, 4. మాట మొదట్లోనే వత్తు, మధ్యలో ద్విత్వం.
- ఆళ్లగడ్డ: 8, 4. అచ్చుతో మొదలు, గుణింతం లేని వత్తులు.
- మంత్రాలయం: 9, 4. సున్న పక్కనే సంయుక్తాక్షరం.
- శ్రీశైలం: ఐత్వాన్ని రెండు రకాలుగానూ రాసి, రెండింటి జవాబూ ఒకటే కావాలి.
- కడప: 3, 3. తీసేయలేదు, ఉండనీ.

ఇవి కాక ఖాళీ మాట, ఒట్టి కొమ్ముతో మొదలయ్యే చెడిపోయిన మాట, మధ్యలో ఇంగ్లిషు ఉన్న వాక్యం, అంకెలు. వీటిలో దేనికీ కోడ్ పడిపోకూడదు. టెస్టులు నడిపే పైటెస్ట్ అనే సాధనాన్ని ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇలాంటి పట్టికను ఒకే ఫంక్షన్‌కు అందించి, వరసకొక టెస్టుగా నడిపించుకోవచ్చు. ఫెయిలైతే ఏ ఊరి దగ్గరో అదే చెబుతుంది.

తిరగేసే ఫంక్షన్‌కు కూడా ఇవే ఊళ్లు పనికొస్తాయి. కర్నూలును పైథాన్ పద్ధతిలో తిరగేస్తే కొమ్ము ముందుకొచ్చి, ఆనుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం మీద వేలాడుతుంది. మన పద్ధతిలో 'లుర్నూక' వస్తుంది. అర్థం లేని మాటే, అయినా తెలుగులా చదవగలం.

6. గిట్, గిట్‌హబ్

కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుంచుకునే సాధనం గిట్, ఆ కోడ్‌ను నలుగురికీ కనబడేలా పెట్టే సైటు గిట్‌హబ్. గిట్ మీద తెలుగులోనే బోలెడు వీడియోలున్నాయి, కమాండ్ల జోలికి వెళ్లను. అలవాట్ల గురించి మాత్రం రెండు ముక్కలు. ఒక మార్పుకు ఒక కమిట్ (గిట్‌లో దాచే నమోదు), ఆ మార్పు ఎందుకో ఒక వాక్యం. 'అప్‌డేట్', 'ఫైనల్', 'ఫైనల్ 2' అని రాస్తే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర, తర్వాత పండితులను జీతానికి పెట్టుకొని తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలు తేల్చే పని చేయించాడు. ఏ ప్రతిలో ఏ మాట మారిందో వాళ్లు కళ్లతో వెతికారు. గిట్‌లో డిఫ్ అని కొడితే చాలు.

రెండోది, గిట్‌కు మీరిచ్చే ఈమెయిల్ ప్రతి కమిట్‌లోనూ అందరికీ కనబడుతుంది. సొంత ఈమెయిల్‌కు బదులు పెట్టుకోవడానికి గిట్‌హబ్ ఒక మరుగు చిరునామా ఇస్తుంది, దాన్ని వాడండి. పైపీఐలో రచయిత ఈమెయిల్ కూడా అంతే. పాస్‌వర్డు, టోకెన్ (పాస్‌వర్డుకు బదులు వాడే రహస్య కోడ్) లాంటివి పొరపాటున కమిట్ అయితే, తర్వాతి కమిట్‌లో తీసేసినా పాతదాంట్లో అలాగే ఉంటాయి. అప్పుడు చేయాల్సింది ఆ టోకెన్‌నే రద్దు చేయడం.

7. రీడ్‌మీ, లైసెన్స్

గిట్‌హబ్‌లో పెట్టేశాం కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు అనుకుంటారు చాలామంది. అలా కుదరదు. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. రాసిన క్షణం నుంచి హక్కు మీదే. మీరు అనుమతి రాసివ్వకపోతే వేరేవాళ్లు చూడగలరు కానీ తమ ప్రోగ్రాంలో కలుపుకోవడానికి హక్కుండదు. ఆ అనుమతి పత్రమే లైసెన్స్ ఫైలు.

మొదటి లైబ్రరీకి ఎంఐటీ లైసెన్స్ చాలు. నాలుగు పేరాలు కూడా ఉండదు. నా పేరు తీసేయకుండా ఏమైనా చేసుకోండి, చెడిపోతే నన్ను అడగొద్దు అని దాని సారాంశం. అపాచీ 2.0 పేటెంట్ల గురించి కూడా మాట్లాడుతుంది. జీపీఎల్ అయితే, దాన్ని కలుపుకొని పంచేవాళ్లు తమ కోడ్‌ను కూడా అదే షరతు మీద ఇవ్వాలంటుంది. ఉద్యోగంలో ఉంటే ఒక జాగ్రత్త: ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మీద హక్కు మామూలుగా యజమానిదే. ఆఫర్ లెటర్ ఒకసారి తిరగేయండి. ఆఫీసు లాప్‌టాప్ మీద అసలే రాయకండి.

రీడ్‌మీలో నేను పెట్టిన వరస: ఏం చేస్తుందో ఒక వాక్యం, ఇన్‌స్టాల్ కమాండ్, కర్నూలుతో మూడు లైన్ల ఉదాహరణ, ఏం చేయదో ఒక పేరా. ఈ చివరిది చాలామంది రాయరు. 'పొల్లు హల్లును విడి అక్షరంగా లెక్కపెడుతుంది' అని నేను అందులో రాసి పెట్టాను. ఆ వాక్యం సంగతి చివర్లో మళ్లీ వస్తుంది. రీడ్‌మీని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాశాను. తెలుగులో రాస్తుంటే నాకే సరిగా అర్థం కాని చోట్లు రెండు బయటపడ్డాయి.

8. ప్యాకేజీ కట్టడం

పైప్రాజెక్ట్ డాట్ టామల్ ఫైలులో లైబ్రరీ పేరు, వెర్షన్, ఒక లైన్ వివరణ, కావాల్సిన పైథాన్ వెర్షన్, లైసెన్స్, ఆధారపడే లైబ్రరీలు, ప్యాకేజీని ఏ సాధనంతో కట్టాలో రాయాలి. నేను సెటప్‌టూల్స్ పెట్టుకున్నాను. పైథాన్ 3.10 ఆపైన అని రాశాను, 3.9కి మద్దతు 2025 అక్టోబరుతో ఆగిపోయింది. ఆధారపడేవి ఏమీ లేవు. లెఫ్ట్‌ప్యాడ్ కథ విన్నాక ఆ ఖాళీ లిస్టు నాకు గర్వంగానే అనిపించింది.

పాత వ్యాసాల్లో సెటప్ డాట్ పీవై అనే ఫైలు రాయమంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది అక్కర్లేదు.

లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో బిల్డ్ అనే సాధనాన్ని ఇన్‌స్టాల్ చేసుకొని నడిపితే డిస్ట్ ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు వస్తాయి. ఒకటి మూలం మూట, రెండోది వీల్. వీల్ అంటే ఉత్త జిప్ ఫైలు. దాన్ని విప్పి లోపల ఏముందో కళ్లతో చూడండి. నేను చూడలేదు. అందుకే ఈ కింది కథ.

మొదట్లో నేను హల్లుల జాబితాను కోడ్‌లో రాయకుండా విడిగా ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టాను. అనంతపురంలో ఉన్న మిత్రుడు గిట్‌హబ్ నుంచి దించుకొని తన విండోస్ లాప్‌టాప్‌లో నడిపితే వెంటనే ఎర్రర్. రెండు రోజులు తల పట్టుకున్నాం. ఫైలు తెరిచేటప్పుడు నేను ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పలేదు. చెప్పకపోతే అతని విండోస్ తన పాత పాశ్చాత్య అక్షర పట్టికతో చదువుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. క, ఖ, గ, ఘ చెత్త అక్షరాలుగా మారినా దాటిపోతాయి. 'ఝ'లోని మూడో బైటుకు మాత్రం ఆ పట్టికలో చోటే లేదు. సరిగ్గా ఝ దగ్గర పైథాన్ చేతులెత్తేసింది. ఎప్పుడో ఝంఝామారుతం అన్నప్పుడు తప్ప వాడని అక్షరం పగబట్టి పట్టుకుంది మమ్మల్ని.

ఎన్‌కోడింగ్ రాసి సరిచేశాను. ప్యాకేజీ కట్టి, 0.1.0 అని పైపీఐకి ఎక్కించాను. ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు పిలిచిన వెంటనే ఎర్రర్: ఆ టెక్స్ట్ ఫైలు దొరకడం లేదు. సెటప్‌టూల్స్ పైథాన్ ఫైళ్లను వీల్‌లో పెట్టింది. టెక్స్ట్ ఫైలు కూడా కావాలని నేను ఎక్కడా చెప్పలేదు, అది పెట్టలేదు. నా కంప్యూటర్‌లో ఫోల్డర్‌లో ఫైలు ఉంది కాబట్టి అన్ని టెస్టులూ పచ్చగా పాసయ్యాయి.

ఇప్పుడు ఎస్ఆర్‌సీ ఫోల్డర్ సంగతి. కోడ్ బయటి ఫోల్డర్‌లోనే ఉంటే, టెస్టులు అక్కడున్న కోడ్‌నే పట్టుకొని నడిచిపోతాయి. లోపల దాచితే, ఇన్‌స్టాల్ చేసిన ప్రతినే వెతుక్కోవాల్సి వస్తుంది. అయితే రాసుకునేటప్పుడు సౌకర్యంగా ఉంటుందని ఎడిటబుల్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసుకుంటాం, అది మళ్లీ మీ ఫోల్డర్‌నే చూపిస్తుంది. నేను బోల్తా పడింది అక్కడే. కాబట్టి చివర్లో ఒకసారి కొత్త వెన్వ్ పెట్టి, వీల్ ఫైలునే ఇన్‌స్టాల్ చేసి, వేరే ఫోల్డర్‌లోకి పోయి టెస్టులు నడపండి. అయిదు నిమిషాల పని.

చివరికి ఆ టెక్స్ట్ ఫైలునే తీసి పారేశాను. హల్లు అవునా కాదా అన్నది సంఖ్యల మధ్య ఉందా లేదా అని చూస్తే చాలు. పైన చెప్పిన పద్ధతి అదే.

9. ఎక్కించడం

ముందు టెస్ట్ పైపీఐ అనే నమూనా గిడ్డంగిలో ఎక్కించి చూడండి. అది అసలుదానికి వేరు, ఖాతా కూడా వేరుగా తెరవాలి. 2024 జనవరి 1 నుంచి పైపీఐలో రెండంచెల లాగిన్ తప్పనిసరి. ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ పెట్టుకొని, రికవరీ కోడ్లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోతే అవే దిక్కు.

ఎక్కించే సాధనం పేరు ట్వైన్. ముందు దాని చెక్ కమాండ్ నడిపితే రీడ్‌మీ సరిగా కనబడుతుందో లేదో చెబుతుంది. పాస్‌వర్డుకు బదులు టోకెన్ ఇవ్వాలి. మొదటిసారి ఖాతా మొత్తానికి పనిచేసే టోకెన్ తీసుకోక తప్పదు. ఒకసారి ఎక్కాక దాన్ని రద్దు చేసి, ఈ ఒక్క ప్రాజెక్టుకే పనిచేసేది తీసుకోండి. 2023 నుంచి ఇంకో దారి కూడా ఉంది. గిట్‌హబ్ నుంచే టోకెన్ దాచుకునే పని లేకుండా నేరుగా ప్రచురించే ఏర్పాటు అది. రెండో లైబ్రరీకి దాన్ని వాడండి. మొదటిదాన్ని మాత్రం ఒకసారి చేత్తో ఎక్కించండి, ఏం జరుగుతోందో తెలుస్తుంది.

నా 0.1.0 పాడైందని చెప్పాను కదా. సరిచేసి మళ్లీ అదే నంబరుతో ఎక్కించబోతే పైపీఐ ఒప్పుకోలేదు. డిలీట్ చేసి ప్రయత్నించాను, అయినా ఒప్పుకోలేదు. ఒకసారి వాడిన ఫైలు పేరు మళ్లీ రాదు. ఆ రాత్రి కరెంటు కూడా పోయింది, ఎండాకాలం కర్నూలులో ఫ్యాన్ లేకుండా కూర్చొని ఈ నియమాన్ని తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. నిన్న 0.1.0 తీసుకున్నవాడికీ ఇవాళ తీసుకున్నవాడికీ వేర్వేరు కోడ్ వస్తే ఇక ఆ నంబరుకు అర్థమేముంది? సరిచేసింది 0.1.1గా వెళ్లింది. పాడైనదాన్ని డిలీట్ చేయడం కన్నా 'యాంక్' చేయడం మంచి పద్ధతి. కొత్తవాళ్లకు అది రాదు, సరిగ్గా ఆ నంబరే కావాలన్నవాళ్లకు మాత్రం దొరుకుతుంది.

వెర్షన్ నంబర్ల లెక్క మూడు అంకెలు. తప్పు సరిచేస్తే చివరిది పెంచాలి, పాతది చెడకుండా కొత్తది చేరిస్తే మధ్యది, పాత కోడ్ పనిచేయకుండా పోయే మార్పు అయితే మొదటిది. మొదటి అంకె సున్నా ఉన్నంతకాలం ఇంకా ఏదైనా మారొచ్చని అర్థం. ఛేంజ్‌లాగ్ అనే ఫైలులో ప్రతి వెర్షన్ కింద రెండు వాక్యాలు రాస్తూ పోండి.

టెస్టులను దానంతట అదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ పబ్లిక్ ప్రాజెక్టులకు ఉచితం. ప్రతి కమిట్‌కూ లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలో టెస్టులు నడిచేలా పెట్టుకోండి. నేను ముందే పెట్టుకొని ఉంటే అనంతపురం మిత్రుడికి రెండు రోజులు మిగిలేవి.

10. మొదటి ఇష్యూ

నెల దాకా ఎవరూ పలకలేదు. మామూలే. ఆ నెలలో కోడ్ ముట్టుకోవద్దు, రీడ్‌మీని మాత్రం కొత్తవాడిలా ఒకసారి చదవండి.

తర్వాత ఒక రోజు గిట్‌హబ్‌లో ఇష్యూ (వాడేవాళ్లు రాసే ఫిర్యాదు లేదా సూచన) వచ్చింది. రాసినాయన ఎవరో తెలియదు. పద్యాలకు గురులఘువులు గుర్తించే ప్రోగ్రాంలో నా లైబ్రరీ వాడుతున్నాడు. పొల్లు హల్లు విడి అక్షరంగా వస్తోందని, దాంతో గణాలు తప్పుతున్నాయని ఫిర్యాదు. నా మొదటి ఆలోచన, రీడ్‌మీలో రాశాను కదా, చదువుకోలేదా అని. అలా జవాబు రాయబోయి ఆగి, నాయనను అడిగాను.

"ఇద్దరిదీ కరెక్టేరా" అన్నాడు. "ఛందస్సులో పొల్లు ముందక్షరంతో కలిసిపోతాది, ఆ అక్షరం గురువవుతాది. గళ్లలో అయితే దాని గడి దానిదే. నువ్వు రెండూ పెట్టల్ల."

ఇష్యూకు జవాబు ఇలా రాయండి: ముందు థాంక్స్, తర్వాత సమస్య నాకు అర్థమైంది ఇదీ అని మీ మాటల్లో, ఆపైన తప్పు చూపించే చిన్న ఉదాహరణ ఇవ్వగలరా అని. ఆయన రెండు పద్యపాదాలు పంపాడు. వాటిని ముందు టెస్టులుగా చేర్చాను, ఫెయిలయ్యాయి. తర్వాత విడగొట్టే ఫంక్షన్‌కు 'పొల్లు కలుపు' అని ఒక ఎంపిక పెట్టాను. ఎవరూ ఏమీ చెప్పకపోతే అది ఆఫ్‌లోనే ఉంటుంది, కాబట్టి పాతవాళ్ల ప్రోగ్రాంలు ఏవీ చెడవు. టెస్టులు పాసయ్యాయి. కొత్త సౌకర్యం కాబట్టి మధ్య అంకె పెరిగి 0.2.0 అయింది. ఛేంజ్‌లాగ్‌లో ఆ ఇష్యూ నంబరు రాసి, ఇష్యూ మూసేశాను.

నాయన గళ్లనుడికట్టులో ఇప్పుడు కర్నూలుకు మూడు గళ్లే వస్తున్నాయి. ఆధారం మార్చమన్నాడు. తుంగభద్ర ఒడ్డున మన ఊరు అంటే చిన్నపిల్లోడు కూడా చెప్తాడంట.